ఫార్మాట్ కొట్టే ముందు

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ల్యాబ్ రిపోర్టులు తీసే కౌంటర్ కావచ్చు, మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం కావచ్చు, బోధన్ రోడ్డు మీద రైస్‌మిల్లు కాటా గది కావచ్చు. పని నడుస్తుండగా కంప్యూటర్ నీలం తెర వేసి ఆగిపోతుంది, తనంతట తానే మళ్లీ స్టార్ట్ అవుతుంది. రెండు మూడు సార్లు చూసి తెలిసినవాళ్లకు ఫోన్ చేస్తారు. అవతలి నుంచి వచ్చే మాట దాదాపు ఒక్కటే: "ఫార్మాట్ కొడితే సెట్ అయితదన్నా." సిస్టమ్ షాపుకు పోతుంది, విండోస్ కొత్తగా ఎక్కించుకుని తిరిగొస్తుంది. కొన్నిటికి నిజంగానే నయమవుతుంది. కొన్నిటికి వారం తిరక్కముందే అదే నీలం తెర. అప్పటికే పాత బిల్లులు పోయి ఉంటాయి, ప్రింటర్ సెట్టింగులు పోయి ఉంటాయి. అసలు ఏమైందో చెప్పగలిగిన ఆధారం కూడా వాటితోపాటే పోయి ఉంటుంది.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దని కాదు. అది చివర చేయాల్సిన పని. విండోస్ క్రాష్ అయినప్పుడు చాలాసార్లు ఏ సమయానికి, ఏ కోడ్‌తో, ఏ ఫైల్ దగ్గర ఆగిందో డిస్కులో రాసిపెడుతుంది. ఫార్మాట్ కొడితే మొదట చెరిగిపోయేది అదే. షాపువాళ్లను తప్పుపట్టి కూడా లాభం లేదు. ఫార్మాట్‌కు డబ్బులివ్వడానికి మనం సిద్ధంగా ఉంటాం. రాత్రంతా టెస్టుకు పెట్టి కారణం పట్టుకున్నవాడికి మాత్రం, "ఏం చేసినవని?" అంటాం. మరి వాళ్లెందుకు పట్టుకుంటారు?

ఇట్లాంటి క్రాష్‌లలో మొదట అనుమానించాల్సింది రెండింటిని: డ్రైవర్, ర్యామ్. హార్డ్‌డిస్క్, ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు సప్లై చేసే డబ్బా), వేడి కూడా కారణం కావచ్చు; కరెంటు, వేడి సంగతి తర్వాత. ఈ రెండింటిలో ఏది దోషో తేల్చడం కష్టం. ఒకదాని తప్పు రెండోదాని పేరు మీద తెర మీదికి వస్తుంది.

డ్రైవర్ అంటే విండోస్‌కూ ఒక్కో పరికరానికీ మధ్య పని నడిపే చిన్న ప్రోగ్రాం. ప్రింటర్‌కు ఒకటి, గ్రాఫిక్స్ కార్డుకు ఒకటి, వైఫైకి ఒకటి, మీసేవలో వేలిముద్ర తీసుకునే యంత్రానికి ఒకటి. వీటిలో ఎక్కువ భాగం రాసేది మైక్రోసాఫ్ట్ కాదు, ఆయా పరికరాల కంపెనీలు. మనం వాడే ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ లాంటివి తమకిచ్చిన మెమరీ హద్దులోనే ఉండాలి. హద్దు దాటితే విండోస్ ఆ ఒక్క ప్రోగ్రాంనే మూసేస్తుంది, మిగతా పని సాగుతుంది. చాలా డ్రైవర్లు అట్లా కాదు. అవి కెర్నల్ అనే లోపలి భాగంలో, విండోస్‌తో సమానమైన అధికారంతో నడుస్తాయి. నిజాంసాగర్ ఆయకట్టు రైతులకు ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. పంటకాలువ తెగితే ఒకరి మడి మునుగుతుంది. ప్రధాన కాలువకు గండి పడితే ఊళ్లకే ప్రమాదం గనక పైన తూములు మూసి నీళ్లు ఆపేస్తారు. నీలం తెర ఆ తూములు మూయడం లాంటిదే. కెర్నల్‌లో లెక్క తప్పిందని తెలిసిన క్షణాన, ఆ తప్పు మీ ఫైళ్లలోకి పారకముందే విండోస్ కావాలని ఆగిపోతుంది. 2025 నుంచి విండోస్ 11లో ఈ తెర నీలం పోయి నలుపు అయింది. పని మాత్రం అదే.

డ్రైవర్ల మీద అనుమానం ఈనాటిది కాదు. 2003లో వచ్చిన ఒక పరిశోధన పత్రం, విండోస్ ఎక్స్‌పీలో అప్పటికి నమోదవుతున్న క్రాష్‌లలో 85 శాతానికి డ్రైవర్లే కారణమని రాసింది. తర్వాత విండోస్ విస్టా వచ్చిన 2007లో నమోదైన క్రాష్‌లలో 28.8 శాతం గ్రాఫిక్స్ కంపెనీ ఎన్విడియా డ్రైవర్లవేనని అమెరికా కోర్టు కేసులో బయటపడిన మైక్రోసాఫ్ట్ సొంత లెక్కలే చెప్పాయి. ఆ తర్వాత డ్రైవర్లకు డిజిటల్ సంతకం తప్పనిసరి కావడం, తనిఖీలు పెరగడంతో పరిస్థితి చాలా మెరుగుపడింది. అయినా ఒక్క తప్పు ఎంత దూరం పోగలదో 2024 జూలై 19న అందరం చూశాం.

ఆ రోజు శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ మన టైం ప్రకారం ఉదయం 9:39కి తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. ఆ సాఫ్ట్‌వేర్ కెర్నల్‌లో డ్రైవర్‌గా నడుస్తుంది. తప్పు తెలుసుకుని 10:57కి వెనక్కు తీసుకునేలోపే ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇవ్వాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా పోయే విమానానికి రాసిచ్చిన అట్లాంటి పాసు ఫొటో దేశమంతా తిరిగింది.

మనకు పనికొచ్చేది ఆ తప్పు స్వభావం. డ్రైవర్‌కు 20 విలువలే అందుతున్నాయి. కొత్త ఫైల్ మాత్రం 21వ దాన్ని కూడా చూడమంది. లేని 21వ దాని కోసం డ్రైవర్ మెమరీలో తనది కాని చోట చదవబోయింది. విండోస్ ఆగిపోయింది. చాలా తెరల మీద కనిపించిన కోడ్ "పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా". ఇది మెమరీకి సంబంధించిన మాటే. ఈ కోడ్‌ను మన దగ్గర ఎవరికైనా చూపిస్తే "ర్యామ్ పోయిందన్నా, మార్చాలె" అంటారు. కానీ ఆ 85 లక్షల కంప్యూటర్లు ఆగింది ర్యామ్ చెడి కాదు. బాగున్న ర్యామ్‌ను డ్రైవర్ తప్పుగా వాడింది. సేఫ్ మోడ్‌లోకి పోయి ఒక్క ఫైల్ తీసేస్తే యంత్రం లేచి కూర్చుంది. ఫార్మాట్ అక్కర్లేదు, కొత్త ర్యామ్ అక్కర్లేదు.

ఇక రెండో అనుమానితుడు ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు ప్రోగ్రాంలూ ఫైళ్లూ ఉండే తాత్కాలిక మెమరీ. 8 జీబీ ర్యామ్‌లో దాదాపు 6,900 కోట్ల గడులుంటాయి. ఒక్కో గడిలో అతి కొద్ది విద్యుత్తు నిల్వ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆ విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది కనుక సెకనుకు ఎన్నోసార్లు తిరిగి నింపుతుండాలి. ఒక గడి బలహీనపడి నింపేలోపే ఖాళీ అయితే ఒకటి కాస్తా సున్నా అవుతుంది. ఆ సమయానికి అక్కడ పెళ్లి ఫొటో ఉంటే ఒక రంగు చుక్క మారుతుంది, ఎవరికీ తెలియదు. లెక్కల ఫైల్ ఉంటే ఒక అంకె మారుతుంది. ఇది క్రాష్ కన్నా ప్రమాదం. గ్రాఫిక్స్ డ్రైవర్ కోడ్ ఉంటే అది తప్పటడుగు వేసి నీలం తెర వస్తుంది, తెర మీద ఆ డ్రైవర్ పేరే కనిపిస్తుంది. రేపు అదే గడిలో వైఫై డ్రైవర్ ఉంటే దాని పేరు వస్తుంది. తప్పు చేసింది ర్యామ్, పేరు మాత్రం ఆ వేళకు అందులో ఉన్నవాళ్లది.

ర్యామ్ చెడడం అరుదు అనుకోవద్దు. గూగుల్ తన సర్వర్లను రెండున్నరేళ్లు గమనించి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాదిలో సుమారు 8 శాతం ర్యామ్ స్టిక్కుల్లో కనీసం ఒక్క తప్పయినా కనిపించింది. సర్వర్ ర్యామ్‌లో తప్పును పట్టి దిద్దుకునే ఏర్పాటు ఉంటుంది. మన దుకాణాల్లో వాడే మామూలు ర్యామ్‌లో అది ఉండదు. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఇళ్లల్లో, ఆఫీసుల్లో వాడే దాదాపు 10 లక్షల కంప్యూటర్ల క్రాష్ రిపోర్టులు చూశారు. హార్డ్‌వేర్ లోపం వల్ల ఒకసారి ఆగిన యంత్రం మళ్లీ ఆగే అవకాశం మామూలు యంత్రం కన్నా వంద రెట్ల దాకా ఎక్కువని తేలింది. అంటే "ఏదో ఒక్కసారి అయింది, పోనీ" అని వదిలేయదగ్గది కాదు.

ఫార్మాట్ వల్ల అసలు నష్టం జరిగేది కూడా ఇక్కడే. కొత్త విండోస్ పెన్‌డ్రైవ్ నుంచి డిస్కులోకి పోవాలంటే మధ్యలో ర్యామ్ గుండానే పోవాలి. చెడిన ర్యామ్‌తో ఫార్మాట్ కొడితే విండోస్ ఫైళ్లే తప్పులతో కూర్చుంటాయి. ఇన్‌స్టాల్ 60 శాతం దగ్గర ఆగి ఎర్రర్ చూపించడం, జిప్ ఫైల్ ఒకసారి విప్పితే వచ్చి మరోసారి రాకపోవడం, ఏ ప్రోగ్రాం పడితే ఆ ప్రోగ్రాం మూసుకుపోవడం, ఇవన్నీ ర్యామ్ వైపు చూపే గుర్తులు.

మరి ఈ రెండింటినీ విడదీసేది ఎట్లా? ఒక్క క్రాష్ చూసి ఎవరూ చెప్పలేరు. మూడు నాలుగు క్రాష్‌లను పక్కపక్కన పెట్టి చూడాలి. వేలిముద్ర యంత్రం తగిలించినప్పుడల్లా ఆగుతోంది, ప్రింట్ ఇచ్చినప్పుడల్లా ఆగుతోంది, ప్రతిసారీ అదే కోడ్, అదే ఫైల్ పేరు వస్తోంది, ఫలానా అప్‌డేట్ తర్వాతే మొదలైంది. ఇట్లా ఉంటే డ్రైవర్ మీద గట్టి అనుమానం పెట్టుకోవచ్చు. వేళాపాళా లేదు, పని ఉన్నా లేకున్నా ఆగుతోంది, ఇవాళ ఒక కోడ్, నిన్న ఇంకొకటి, ఫైల్ పేర్లు కూడా మారుతున్నాయి. అప్పుడు ర్యామ్. "మెమరీ మేనేజ్‌మెంట్" అనే కోడ్ పదేపదే వస్తున్నా ర్యామ్‌నే ముందు పరీక్షించాలి, అయితే తీర్పు అప్పుడే చెప్పొద్దు.

కాబట్టి మొదటి పని, తెర కనిపించగానే ఫోన్‌తో ఫొటో తీయడం. కింద చిన్న అక్షరాల్లో స్టాప్ కోడ్ ఉంటుంది, కొన్నిసార్లు "వాట్ ఫెయిల్డ్" అని ఫైల్ పేరు కూడా ఉంటుంది. ఫొటో తీసేలోపే రీస్టార్ట్ అవుతుంటే, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" టిక్ తీసేయండి. ఇకపై మీరు పవర్ బటన్ నొక్కేదాకా తెర అట్లాగే ఉంటుంది.

రెండోది, స్టార్ట్ మెనూలో "రిలయబిలిటీ హిస్టరీ" అని వెతికి తెరవండి. ఇంత మంచి పరికరం విండోస్‌లోనే ఉండి ఇంత తక్కువ మందికి తెలియడం బాధగా ఉంటుంది. తేదీల వారీగా గడులు కనిపిస్తాయి. క్రాష్ అయిన రోజు గడిలో ఎర్ర ఇంటూ గుర్తు ఉంటుంది. దాని మీద నొక్కితే ఏ టైముకు ఏం ఆగిందో కింద వస్తుంది. అదే పట్టికలో నీలం గుర్తుల కింద ఏ రోజు ఏ అప్‌డేట్, ఏ డ్రైవర్ ఎక్కిందో కూడా ఉంటుంది. ఎర్ర గుర్తులు ఎక్కడ మొదలయ్యాయో వేలు పెట్టి వెనక్కు జరగండి. సరిగ్గా ముందురోజు ప్రింటర్ డ్రైవర్ ఒకటి ఎక్కి ఉంటే సగం కేసు తేలినట్టే. ఏ నీలం గుర్తుతోనూ సంబంధం లేకుండా ఎర్రవి చెల్లాచెదురుగా ఉంటే హార్డ్‌వేర్ వైపు తిరగాలి.

ఇంకొంచెం లోతుకు పోదామనుకునేవాళ్లకు సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. ఒక్కో క్రాష్‌కు ఒక్కో చిన్న ఫైల్. బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో తెరిస్తే అన్ని క్రాష్‌లూ వరుసగా కనిపిస్తాయి. ఒక హెచ్చరిక: అందులో చాలాసార్లు "ఎన్‌టీఓఎస్ కెర్నల్" అని ఉంటుంది. అది విండోస్ కెర్నల్. అక్కడ తప్పు బయటపడిందనే అర్థం, అదే తప్పు చేసిందని కాదు. బయటి కంపెనీ డ్రైవర్ పేరు పదేపదే వస్తే మాత్రం దాన్ని పట్టించుకోవాలి.

డ్రైవర్ అని అనిపిస్తే డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కితే పాతది తిరిగొస్తుంది. ఆ బటన్ పనిచేయకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి, తయారీ కంపెనీ వెబ్‌సైట్ నుంచే మీ మోడల్‌కు తగ్గది తెచ్చుకోండి. అన్ని డ్రైవర్లనూ ఒక్క నొక్కుతో అప్‌డేట్ చేస్తామనే యాప్‌ల జోలికి పోవద్దు. లేని జబ్బు తెచ్చేవే ఎక్కువ. విండోస్ లాగిన్ దాటి తెరుచుకోకపోతే సేఫ్ మోడ్ ఉంది. లాగిన్ తెర మీద షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా పోయి రీస్టార్ట్ ఇచ్చి 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ అత్యవసరమైన డ్రైవర్లతోనే నడుస్తుంది. అందులో గంటల తరబడి ఆగకుండా నడిచి, మామూలుగా తెరిస్తే ఆగుతుంటే డ్రైవర్ మీది అనుమానం మరింత బలపడుతుంది.

మన ప్రాంతపు పనులకు సంబంధించి ఒక మాట. శక్కర్‌నగర్‌లో 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది. ఇప్పుడు చెరకు వేరే ఫ్యాక్టరీల కాటాకు పోతోంది, బోధన్ చుట్టుపక్కల వరి పెరిగి రైస్‌మిల్లుల కాటాలు పనిచేస్తున్నాయి. కాటా నుంచి వచ్చే బరువు చాలాచోట్ల పాత సీరియల్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు చేరుతుంది. కొత్త కంప్యూటర్లకు ఆ పోర్టు లేదు గనక యూఎస్‌బీ కన్వర్టర్ పెడతారు. ఈ కన్వర్టర్లలో నకిలీ చిప్పులు ఎక్కువ. 2014లో ఈ చిప్పులు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ కొత్త డ్రైవర్ విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చి, ఆ కంపెనీ చిప్పుల నకిలీలను పనికి రాకుండా చేయడంతో పెద్ద గొడవైంది. ఇట్లాంటి చిప్పులే చేసే ప్రొలిఫిక్ కంపెనీ కొత్త డ్రైవర్లు కూడా పాత, నకిలీ చిప్పులను గుర్తుపట్టి పనిచేయనివ్వవు. నిన్నటిదాకా బరువు చూపించిన సిస్టమ్ ఇవాళ చూపించకపోతే కాటాను తిట్టే ముందు, విండోస్‌ను మార్చే ముందు ఆ వేలెడంత కన్వర్టర్‌ను చూడండి. మంచి కన్వర్టర్ ఒకటి అదనంగా కొని డ్రాయర్‌లో పెట్టుకోవడం, దాని డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో దాచుకోవడం సీజన్‌లో చాలా అక్కరకొస్తుంది. లారీలు బారులు తీరినప్పుడు డ్రైవర్ వెతకడం ఎంత కష్టమో కాటా గుమాస్తాలకు చెప్పక్కర్లేదు.

ర్యామ్ అని అనిపిస్తే ముందు చేతిపని. సిస్టమ్ ఆఫ్ చేసి ప్లగ్ తీసేయండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టి ఉంచండి. లోపలి ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకుంటే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. రెండు చివర్ల క్లిప్పులు వంచి స్టిక్కు తీసి, బంగారు రంగు పట్టీలను మెత్తటి పెన్సిల్ రబ్బరుతో సుతారంగా రుద్ది, పొడి దులిపి, స్లాట్‌ను బ్రష్‌తో తుడిచి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. మిల్లు ఆవరణలో ఊక దుమ్ము, పసుపు సీజన్‌లో యార్డులో లేచే దుమ్ము స్లాట్లలో పేరుకుంటాయి. కాంటాక్టు సరిగా లేక ఆగే సిస్టమ్‌లు కొన్ని ఇంతటితోనే బాగవుతాయి.

తర్వాత పరీక్ష. విండోస్‌లోనే "మెమరీ డయాగ్నస్టిక్" ఉంది. అందులో ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోండి. అది తప్పు చూపిస్తే నమ్మవచ్చు. ఏమీ లేదంటే మాత్రం పూర్తిగా నమ్మవద్దు. 1994 నుంచీ ఉన్న మెమ్‌టెస్ట్86 ఇంకా కఠినమైన పరీక్ష. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, పెన్‌డ్రైవ్ నుంచే సిస్టమ్ స్టార్ట్ చేసి, దుకాణం కట్టేసేటప్పుడు పెట్టి పోతే పొద్దునకు ఫలితం ఉంటుంది. యూపీఎస్ మీద ఉంచండి. ఉచిత వెర్షన్ నాలుగు సార్లు మొత్తం ర్యామ్‌ను తిప్పి చూస్తుంది. ఒక్క ఎర్ర గీత వచ్చినా ఏదో తేడా ఉన్నట్టే. కోట్ల గడుల్లో ఒక్కటే గదా అని వదిలేయొద్దు. రెండు స్టిక్కులుంటే ఒక్కోటి విడిగా పెట్టి పరీక్షించండి. తప్పు చూపిన స్టిక్కును వేరే స్లాట్‌లో పెట్టి చూడండి. స్టిక్కుతో పాటు తప్పు కూడా జరిగితే స్టిక్కు చెడింది, అదే స్లాట్‌లో ఏది పెట్టినా తప్పు వస్తే మదర్‌బోర్డు. బయాస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి మళ్లీ చూడాలి. కొన్ని బోర్డులు ఆ వేగాన్ని తట్టుకోలేవు.

కరెంటు సంగతి. ఏ కోడూ లేకుండా టక్కున ఆరిపోయి, మినీడంప్‌లో ఏ ఫైలూ లేకుండా, ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్ పవర్ 41" అని మాత్రమే ఉంటే డ్రైవర్‌నూ ర్యామ్‌నూ కాసేపు పక్కన పెట్టండి. సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండానే ఆగిందని దాని అర్థం; ఇట్లాంటప్పుడు చాలాసార్లు పవర్ ఉన్నట్టుండి పోయి ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ బ్యాటరీ, వదులైన ప్లగ్, ఓల్టేజ్ హెచ్చుతగ్గులు చూడాలి. మే నెలలో బయట 45 డిగ్రీల ఎండ, రేకుల గదిలో సిస్టమ్ ఉంటే ప్రాసెసర్ వేడెక్కి కూడా ఆరిపోతుంది. ఫ్యాన్ దుమ్ము దులిపించడానికి సీజన్ మొదలుకాక ముందే ఒక పూట కేటాయించండి.

ఇవన్నీ చూశాక ఫార్మాటే గతి అని తేలితే సరే, కొట్టించండి. మినీడంప్ ఫోల్డర్‌ను, బిల్లింగ్ డేటాను, డ్రైవర్లను ముందే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించండి. డేటా చెడిన ర్యామ్ మీద కాపీ కాకూడదు గనక స్టిక్కు మార్చాకే చేయడం మేలు. ర్యామ్ కొనాల్సి వస్తే పాత స్టిక్కు వెంట తీసుకుపోండి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 కూర్చోదు, గాడి వేరేచోట ఉంటుంది. వేగాలు వేరైన రెండు స్టిక్కులు కలిపి పెడితే సాధారణంగా తక్కువ వేగానికి సర్దుకుంటాయి, కానీ కొన్ని జతలు పొసగక కొత్త క్రాష్‌లు మొదలవుతాయి. వీలైతే ఒకే రకం రెండు తీసుకోండి. పేరున్న కంపెనీల ర్యామ్‌కు ఏళ్ల తరబడి వారంటీ ఉంటుంది, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుని ఫొటో తీసి పెట్టుకోండి. కొత్త స్టిక్కును కూడా ఆ రాత్రే మెమ్‌టెస్ట్‌కు పెట్టండి. తేడా ఉంటే మర్నాడు పొద్దున్నే షాపుకు తీసుకుపోయి, ఆ తెర ఫొటో చూపించి మార్పించుకోవచ్చు.